తగాదా తెగడం లేదా? మీడియేషనా, ఆర్బిట్రేషనా, కోర్టా

ముందు ఒకటి తేల్చుకోండి. అవతలివాళ్లతో రాజీ కావాలా, వాళ్లు ఒప్పుకోకపోయినా అమలయ్యే ఆర్డరు కావాలా? దారి దాన్నిబట్టే ఉంటుంది. మీడియేషన్ అంటే మధ్యవర్తి సాయంతో కుదుర్చుకునే రాజీ. ఆర్బిట్రేషన్ అంటే కోర్టు బయట ఆర్బిట్రేటర్ అనే వ్యక్తి ఇచ్చే, ఇద్దరూ కట్టుబడాల్సిన తీర్పు.

సమస్య: అన్నదమ్ములు పెద్దమనుషుల ముందు ఆస్తి పంచుకుని కాగితం రాసుకున్నారు. కొన్నాళ్లకు ఒకరు అడ్డం తిరిగారు.

కారణం: పొలం, ఇల్లు పంచుతూ రాసిన దస్తావేజు రిజిస్టర్ కాకపోతే, పంపకానికి రుజువుగా కోర్టులో నిలవదు.

పరిష్కారం: కేసు వేయకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోండి. ఫీజు లేదు. రాజీ కుదిరితే లోక్ అదాలత్ (రాజీ కుదిర్చే ప్రజా న్యాయస్థానం) ఇచ్చే అవార్డు, అంటే ఆర్డరు, సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానం. దాని మీద అప్పీలు ఉండదు కాబట్టి సంతకానికి ముందు ప్రతి మాటా చదవండి. ‘తూర్పు వైపు వాటా’ అని రాసి వదిలేస్తే మళ్లీ గొడవే. సర్వే నంబరు, నాలుగు హద్దులు, బోరు నీళ్లు ఎవరికి ఏ రోజు, డబ్బు ఏ తేదీకి, ఆ తేదీ దాటితే ఏమిటి, అన్నీ ఉండాలి. తోబుట్టువుల మధ్య ఇంతకంటే మంచి దారి లేదని నా నమ్మకం. అవతలివాళ్లు రాకపోతే కోర్టులో పార్టిషన్ (పంపకం) దావా వేయక తప్పదు.

సమస్య: కోర్టుకెళ్తే అవతలి కంపెనీ అగ్రిమెంటు చూపించి కేసు ఆపించింది.

కారణం: అందులో ఆర్బిట్రేషన్ క్లాజు ఉంది, అంటే తగాదా వస్తే ఆర్బిట్రేటర్ దగ్గరే తేల్చుకోవాలన్న షరతు. మొదటి జవాబులోనే దాన్ని లేవనెత్తితే కోర్టు అటే పంపుతుంది.

పరిష్కారం: ఆర్బిట్రేటర్‌ను ఎవరు నియమించాలో ఆ క్లాజులో చూడండి. కంపెనీ ఒక్కటే తనకు నచ్చిన ఏకైక ఆర్బిట్రేటర్‌ను పెట్టడం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. నోటీసిచ్చిన 30 రోజుల్లో ఇద్దరికీ పేరు కుదరకపోతే హైకోర్టును అడగొచ్చు. ఆర్బిట్రేటర్ ఇచ్చిన అవార్డు (తీర్పు) తప్పనిపించినా కోర్టులో సాక్ష్యాలన్నీ మళ్లీ విచారించరు. ఫీజు కూడా ఎక్కువే, చిన్న మొత్తాలకు గిట్టదు. ఫ్లాటు కొన్నవాళ్లకు మాత్రం క్లాజు ఉన్నా వినియోగదారుల కమిషన్ తలుపు తెరిచే ఉంటుంది.

సమస్య: అప్పు తీసుకున్నవాడు ‘మాట్లాడుకుందాం’ అంటూ రోజులు నెడుతున్నాడు.

కారణం: డిమాండు ప్రోనోటు (అడిగినప్పుడు తీరుస్తానని రాసిచ్చిన అప్పు పత్రం) మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు. ఊరికే మాటలు సాగినంత మాత్రాన అది ఆగదు.

పరిష్కారం: గడువులోపే కొంత కట్టించుకుని, నోటు వెనక అతని సంతకంతో చెల్లు వేయించండి. అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. ఎగ్గొట్టడానికి ఆస్తులు అమ్ముకుంటున్నాడని తెలిస్తే దావాతో పాటే అటాచ్‌మెంటు (ఆస్తుల జప్తు) అడగండి.

సమస్య: ఇంట్లో కొడుతున్నారు, అయినా అందరూ ‘కూర్చుని మాట్లాడుకోండి’ అంటున్నారు.

పరిష్కారం: భయంతో చేసే సంతకం రాజీ కాదు. గృహహింస చట్టం కింద రక్షణ ఆర్డరు కోసం మేజిస్ట్రేట్ కోర్టుకే వెళ్లండి. ఆదాయంతో పనిలేకుండా మహిళలకు ఉచితంగా లాయరును ఇస్తారు. న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి.