జయపురం–విజయనగరం కిరాయి: పికప్ బండి లెక్క ఎలా కట్టాలి

ఒడిశాలోని జయపురం నుంచి విజయనగరానికి కిరాయి ఎంతని షావుకారు అడగగానే నోటి లెక్క కట్టేయడం మన దగ్గర అలవాటు. డీజిల్ ఇంత, టోలు ఇంత, తిండికి ఇంత, పైన రెండు వేలు. బండి కదులుతుంది, జేబులో నోట్లూ కనిపిస్తాయి. ఫైనాన్స్ వాయిదా తేదీన గానీ తేడా తెలియదు. కిరాయి లెక్క కట్టాల్సింది సరుకు దిగేదాకా కాదు, బండి తిరిగి మీ గుమ్మం ముందు ఆగేదాకా.

కింది అంకెలు టన్నున్నర మోసే డీజిల్ పికప్‌కు వేసిన నమూనా లెక్క. మీ బండికి మీ అంకెలు వేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

మొదట, బండి కదలకపోయినా అయ్యే ఖర్చు. 8 లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, 48 నెలలు అనుకుంటే వాయిదా సుమారు 20,700. ఇన్సూరెన్సు ఏడాదికి 42,000 అయితే నెలకు 3,500. రోడ్డు టాక్సు, ఫిట్‌నెస్, పర్మిట్, పొల్యూషన్ అన్నీ కలిపి ఏడాదికి 30,000, అంటే నెలకు 2,500. ఫోను, పార్కింగు 800. ఇక అందరూ వదిలేసేది మీ జీతం. మీరు స్టీరింగు పట్టుకోకపోతే డ్రైవరును పెట్టాలి కదా, ఆ 15,000 వేయాల్సిందే. మొత్తం 42,500.

దీన్ని 30తో భాగించకండి. వర్షం, పండగ, లోడు కోసం ఎదురుచూపు, గ్యారేజీ పోగా నిజంగా తిరిగేవి 22 రోజులు. రోజుకు 1,930 పడుతుంది. వానాకాలంలో దారిలోని సుంకి ఘాట్ (కొండ రోడ్డు)లో కొండచరియలు విరిగిపడి రోజులు 16కు తగ్గితే అదే ఖర్చు రోజుకు 2,650 దాటుతుంది. చలికాలంలో అల్లం, ధాన్యం కదిలేటప్పుడు వచ్చిన డబ్బులో కొంత ఈ నెలలకోసం పక్కన పెట్టాలి.

తరవాత కిలోమీటరు ఖర్చు. ముందు మైలేజీ కొలవండి. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర ఫుల్ ట్యాంకు చేయించి, తిరిగొచ్చాక మళ్లీ ఫుల్ చేయించి, ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకోండి. మూడు ట్రిప్పుల సగటు తీయాలి. షోరూము చెప్పిన మైలేజీ సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి ఎక్కేటప్పుడు పనికిరాదు. రానూపోనూ సగటు 12 వచ్చి, లీటరు 96 అయితే డీజిల్ కిలోమీటరుకు 8 రూపాయలు. ఒడిశాలో, ఆంధ్రలో పన్నులు వేరు కాబట్టి సరిహద్దు దాటేముందు రెండు వైపుల బంకు ధరలూ చూసి, చవకైన వైపే ట్యాంకు నింపుకోండి.

నాలుగు టైర్లు 26,000, 40,000 కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు 65 పైసలు. ప్రతి 10,000 కిలోమీటర్లకు 6,500తో సర్వీసు, ఇంకో 65 పైసలు. బ్రేకు లైనర్లు, క్లచ్, కమాన్లు (స్ప్రింగు పట్టీలు), బ్యాటరీకి రూపాయి. చెప్పిరాని రిపేర్లకు 70 పైసలు. అంతా కలిపి కిలోమీటరుకు 11 రూపాయలు. ఇందులో డీజిల్ కాని 3 రూపాయలను ట్రిప్పు అయిన రోజే వేరే బ్యాంకు ఖాతాలో వేయండి. జేబులో ఉంటే అది లాభంలా కనిపించి ఖర్చయిపోతుంది, టైరు పేలిన రోజున అప్పు తేవాల్సి వస్తుంది.

ఇప్పుడు ట్రిప్పు లెక్క. జయపురం–విజయనగరం సుమారు 160 కిలోమీటర్లు. రానూపోనూ 320, ఊళ్లో లోడింగు తిరుగుడు 20, మొత్తం 340. కిలోమీటరుకు 11 చొప్పున 3,740. టోలు, తిండి, చిల్లర ఖర్చు 800. వెళ్లి దించి వచ్చేసరికి రెండు రోజులు, రోజుకు 1,930 చొప్పున 3,860. మొత్తం 8,400. బేరంలో 6,000 దగ్గర తెగి ఖాళీగా తిరిగొచ్చారనుకోండి. డీజిల్ 2,720, చిల్లర 800 పోగా చేతిలో 2,480 కనిపిస్తుంది. అసలు లెక్కలో మీరు 2,400 నష్టపోయారు.

ఒక వైపు కిరాయికి 8,400 ఈ దారిలో దొరకడం కష్టం. కాబట్టి బండి బతికేది రిటర్న్ లోడు మీదే. కిరాణా, ప్లాస్టిక్ సామాను, కోళ్ల దాణా, ఏదైనా సరే, బయల్దేరకముందే ఫోన్లో మాట్లాడి పెట్టుకోవాలి. దించాక వెతకడం మొదలుపెడితే బ్రోకరుకు మీ అవసరం తెలిసిపోతుంది. రిటర్న్‌కు 3,000 వస్తే మొత్తం 9,000, మిగులు 600. అవును, అంతే. మీ జీతం మాత్రం ముందే లెక్కలో ఉంది.

రిటర్న్ కోసం ఇంకో రోజు ఆగాలా? మర్నాడు జయపురంలో మీకు లోడు ఖాయమై ఉంటే ఆగిన రోజు ధర పూర్తిగా 1,930, పైన తిండి 350. అంటే లోడు మీద అదనంగా పట్టే డీజిల్ కూడా పోగా 2,300 దాటి మిగలకపోతే ఖాళీగా రావడమే మేలు. ఇంటి దగ్గర పనేమీ లేకపోతే లెక్క మారుతుంది. అప్పుడు వాయిదా ఎక్కడున్నా పడేదే, అదనపు డీజిలూ తిండీ పోగా ఏది మిగిలినా లాభమే. ఈ తేడా పట్టుకోలేకే కొందరు ప్రతిసారీ ఆగుతారు, కొందరు ఎప్పుడూ ఆగరు.

ఒక హెచ్చరిక. ఒడిశా రిజిస్ట్రేషన్ బండి నేషనల్ పర్మిట్ (రాష్ట్రాలు దాటి తిరిగే అనుమతి) మీద విజయనగరంలో ఎక్కించి సాలూరులో దించకూడదు. సొంత రాష్ట్రం కాని చోట ఒకే రాష్ట్రంలోని రెండు ఊళ్ల మధ్య రవాణాకు ఆ పర్మిట్ చెల్లదు.

అసలు పర్మిట్ కావాలా అన్నది ఆర్‌సీలోని మొత్తం బరువు చూసి తెలుసుకోండి. సరుకుతో కలిపి 3,000 కిలోలు దాటని గూడ్స్ బండికి మోటారు వాహనాల చట్టం పర్మిట్ అడగదు. దాటితే, రాష్ట్రం దాటడానికి నేషనల్ పర్మిట్ ఏడాదికి 16,500, దాని ఆథరైజేషన్ ఫీజు 1,000. పికప్ మోడళ్లు ఈ గీతకు అటూ ఇటూ ఉంటాయి కనుక కొనేముందే చూసుకోవాలి.

ఓవర్‌లోడు చేసి కిరాయి పెంచుకుందామనిపిస్తుంది. చట్టంలో జరిమానా 20,000, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. ట్రిప్పుకు 600 మిగిలే బండికి అది 33 ట్రిప్పుల మిగులు. కమాన్లు, టైర్లు ముందే అరిగిపోవడం వేరే సంగతి. లోడు ఎక్కాక కాటా వేయించి చీటీ దగ్గర పెట్టుకోండి, దించే చోట తరుగు గొడవ వచ్చినా అదే ఆధారం.

ఘాట్‌లో డబ్బు పోయేది ఎక్కువగా దిగేటప్పుడే. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో, కొందరైతే ఇంజను ఆపేసి సుంకి దింపుతారు. ఇంజను ఆగితే బ్రేకుకు వ్యాక్యూమ్ సాయం, పవర్ స్టీరింగు రెండూ పోతాయి. పైగా ఇప్పటి కామన్ రైల్ (కంప్యూటరుతో డీజిల్ పంపే) ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే డీజిల్ పంపడం ఆపేస్తాయి, న్యూట్రల్‌లోనైతే ఐడిలింగుకు తాగుతాయి. కనుక ఎక్కిన గేరులోనే దిగండి. బ్రేకు తొక్కిపట్టి దిగితే లైనర్లు కాలి గట్టిపడతాయి, పాత బ్రేకు ఆయిల్ మరిగి పెడలు లోపలికి జారుతుంది. ఆ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి.

సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే రవాణా పత్రం) లేకుండా బండి కదపకండి. 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. ఘాట్‌లో బండి చెడిపోతే గడువు తీరడానికి 8 గంటల ముందు నుంచి తీరిన 8 గంటల వరకు పొడిగించుకోవచ్చు. సరుకు వేరే బండికి మారిస్తే బిల్లులో బండి వివరాలుండే పార్ట్ బీలో కొత్త నంబరు ఎక్కించాలి. పచ్చి అల్లం, తాజా కూరగాయలకు బిల్లు అక్కర్లేదు. శొంఠి మాత్రం పన్ను సరుకు. బస్తాలో ఏముందో మూతి విప్పి చూడండి, పట్టుబడితే సరుకుతో పాటు బండీ ఆగుతుంది.

ఆదాయపు పన్నులో పదికి మించి బండ్లు లేనివారికి సులువైన దారి ఉంది. 12 టన్నులు దాటని ఒక్కో బండికి నెలకు 7,500 ఆదాయంగా చూపిస్తే లెక్కల పుస్తకాలు అక్కర్లేదు. కిరాయి ఇచ్చే కంపెనీకి పాన్‌తో డిక్లరేషన్ ఇస్తే టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోయరు.

అడ్వాన్సు కనీసం డీజిల్, టోలు, తిండి మొత్తం కవరయ్యేంత తీసుకోండి. పై లెక్కలో అది 3,520. మిగతాది సరుకు దిగిన చోటే, సంతకం చేసిన రసీదు ఇస్తూ. నెల అరువు అడిగే షావుకారుకు కిరాయి మీద వడ్డీ కలిపి చెప్పండి. రెండు గంటలు దాటి లోడింగు దగ్గర నిలబెడితే గంటకు 200 హాల్టింగు అని బేరమప్పుడే అనాలి. దించాక అడిగితే ఎవరూ ఇవ్వరు.