పనసపొట్టు కొట్టిన చాకుకి సిరామిక్ రాడ్

టమాటా తొక్క మీద జారిపోతూ, ఉల్లిపాయని మాత్రం బాగానే కోసే చాకు అరిగిపోయిందని అనుకోనక్కర్లేదు. చాలాసార్లు దాని అంచు ఒక పక్కకి వాలి ఉంటుంది, అంతే. దాన్ని సైకిల్ మీద వచ్చే సానవాళ్లకి ఇస్తే నిప్పురవ్వలు లేస్తాయి చూడండి, అదంతా మన చాకు ఇనుమే. సిరామిక్ రాడ్, అంటే పింగాణీలాంటి గట్టి గుండ్రటి కడ్డీ, వాలిన అంచుని నిలబెడుతుంది, పనిలో పనిగా పిసరంత ఇనుము గీరుతుంది. ఇది సాధారణంగా అల్యూమినాతో (అల్యూమినియం ఆక్సైడ్‌తో) చేసింది. చాకు స్టీలు కంటే చాలా గట్టిది కాబట్టే గీరగలుగుతోంది.

కొనేటప్పుడు గ్రిట్ (గరుకుదనం కొలత, అంకె పెరిగేకొద్దీ నునుపు) 1000కి అటూ ఇటూగా ఉన్నది తీసుకోండి. పొడవు చాకు కంటే రెండంగుళాలు ఎక్కువుండాలి, అంటే 8 అంగుళాల చాకుకి 10 అంగుళాల రాడ్. మెరిసిపోయేంత నున్నగా ఉన్నది మొదటి రాడ్‌గా వద్దు.

ముందు చాకు శుభ్రంగా ఉండాలి. పనసకాయల రోజుల్లో, ముఖ్యంగా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు, అసలు చిక్కు ఇక్కడే. పనస బంక కంటికి కనపడకుండా అంచుకి పట్టుకుని ఉంటుంది. అలాగే రాడ్ మీద గీస్తే బంక రాడ్ గరుకులో దిగి, అది నున్నగా జారడం మొదలెడుతుంది. బంకకి నీళ్లు పనిచేయవు. కొబ్బరినూనెలో ముంచిన గుడ్డతో వెన్ను (చాకు మొండి వైపు) నుంచి అంచు వైపుకి తుడిచి, తర్వాత సబ్బుతో కడిగి, పొడిగా ఆరబెట్టండి. కాయ కొట్టే ముందే చాకుకి నూనె రాసుకుంటే ఈ బాధ సగం తప్పుతుంది.

రాడ్‌ని గాల్లో పట్టుకుని టకటకా ఆడించడం టీవీలో బాగుంటుంది. ఇంట్లో మాత్రం తడిగుడ్డని మడిచి గట్టు మీద వేసి, రాడ్ మొనని దాని మీద ఆనించి నిటారుగా నిలబెట్టండి. నిటారుగా ఉంటే కోణం చూసుకోవడం తేలిక. మామూలు స్టీలు చాకుకి, రాడ్‌కీ చాకుకీ మధ్య ఒక్కో పక్క 20 డిగ్రీలు కావాలి. కాగితం మూలని సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిస్తే 22 డిగ్రీల పైచిలుకు వస్తుంది. దాన్ని రాడ్ పక్కన పెట్టి చూసుకుని, చాకుని అంతకంటే ఓ పిసరు తక్కువ కోణంలో పట్టుకోండి. ఇంకో లెక్కలో, నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పున్న చాకుకి వెన్ను రాడ్ నుంచి ఒకటిన్నర సెంటీమీటరు దూరంలో ఉండాలి. పల్చటి జపాన్ రకం చాకుకి 15 డిగ్రీలు, అంటే దూరం 1.2 సెంటీమీటర్లు.

పిడి దగ్గరి మూలని రాడ్ పైభాగంలో ఆనించి, కిందికి దించుతూ చాకుని మీ వైపుకి లాగండి. రాడ్ అడుగుకి వచ్చేసరికి చాకు మొన దగ్గరికి రావాలి, కానీ మొన రాడ్ దాటి జారిపోకూడదు. జారిందా, కొన్నాళ్లకి మొన గుండ్రమైపోతుంది. ఒక గీత ఈ పక్క, ఒక గీత ఆ పక్క, అలా ఒక్కో పక్కకి అయిదారు చాలు. బరువు ఎంత వేయాలో తెలియకపోతే కిచెన్ త్రాసు మీద చాకు వెన్నుతో నొక్కి చూడండి. 200 గ్రాములు చూపించేంత ఒత్తిడి చాలు. గట్టిగా నొక్కితే అంచు అటు పక్కకి వాలుతుంది, మనం వచ్చింది ఆ వాలు తీయడానికే కదా.

కోణం కుదిరిందో లేదో అనుమానమా? అంచు పొడవునా మార్కర్ పెన్నుతో రంగు వేసి రెండు గీతలు గీయండి. రంగు అంచు చివర పోతే సరే. పైన పోయి చివర మిగిలితే వెన్ను కాస్త ఎత్తాలి. అయ్యాక దూదిని వెన్ను నుంచి అంచు దాటేలా మెల్లగా లాగండి, పోగులు ఎక్కడ పట్టుకుంటే అక్కడ అంచు ఇంకా వాలి ఉన్నట్టు.

కత్తిపీటకి కూడా ఈ రాడ్ బాగా పనికొస్తుంది. లోపలికి వంగిన అంచుకి పలక సానరాయి ఆనదు, గుండ్రటి రాడ్ ఆనుతుంది. పీటని కదలకుండా కాలితో తొక్కి, పక్కకి జరిగి కూర్చుని, రాడ్‌నే కదపాలి. వెన్ను నుంచి అంచు బయటికి వెళ్లేలా గీయండి. ఎదురు గీస్తే చెయ్యి అంచు మీదికే వెళ్తుంది. ఇనుప కత్తిపీటైతే చివర్లో ఓ చుక్క నూనె తప్పనిసరి, మన సముద్రపు గాలికి రాత్రికి రాత్రే తుప్పు లేస్తుంది.

రాడ్ మీద పడే నల్లటి చారలు ఇనుము పొడి. తడి రబ్బరుతో గానీ, గిన్నెలు తోమే పౌడరు, పచ్చ పీచుతో గానీ రుద్దితే పోతాయి. ఇనుప పీచు వద్దు, అదే మళ్లీ రాడ్‌కి అంటుకుంటుంది. గచ్చు మీద పడితే రాడ్ విరుగుతుంది. విరక్కపోయినా గోరుతో తడిమి చూడండి. పెచ్చు లేచిన చోట చాకు గీస్తే అంచు చిరుగుతుంది.

వంజరం వెన్నెముక మీద కొట్టి గాటు పడిన చాకు, రంపం పళ్ల బ్రెడ్ చాకు, ఈ రెంటికీ ఇది పనికిరాదు. గాటుకి సానరాయే దిక్కు. రోజూ వాడే చాకుకి రెండు మూడు రోజులకోసారి గీస్తుంటే నెలలు గడుస్తాయి. పది గీతలకీ టమాటా తెగకపోతే ఇక రాయి మీదికి వెళ్లాల్సిందే.

రాడ్ లేని ఇంట్లో ఊరగాయ జాడీ ఉంటుంది కదా. ఖాళీ జాడీని బోర్లించి చూడండి, అడుగున మెరుగు పూయని గరుకు వలయం కనిపిస్తుంది. అదే కోణం, అదే తేలిక చెయ్యి. గీశాక జాడీ అడుగు తుడవడం మర్చిపోకండి.