ఇఫ్ ఉన్న ముక్కలో విల్ ఎందుకు పెట్టకూడదు

"రేపు వాన పడితే మ్యాచ్ రద్దవుతుంది" అన్నది ఇంగ్లీషులో చెప్పమంటే చాలామంది నోట వచ్చేది "ఇఫ్ ఇట్ విల్ రెయిన్ టుమారో". రేపటి సంగతి కదా, విల్ ఉండాలి అనిపిస్తుంది. కానీ షరతు చెప్పే ముక్కలో, రేపటి మాటైనా సరే, వర్తమాన కాలమే రావాలి: "ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో, ద మ్యాచ్ విల్ బి క్యాన్సిల్డ్."

ముందు తెలుగు వాక్యంలో "తే" ఉన్న ముక్కను పట్టుకోండి. దానికి ఇఫ్ పెట్టి, క్రియను సింపుల్ ప్రెజెంట్‌లో రాయండి. కర్త హి, షి, ఇట్ లేదా ఒక్క మనిషి పేరైతే క్రియకు ఎస్ చేరుతుంది: "ఇఫ్ రవి కమ్స్". రాకపోతే అనాలంటే "ఇఫ్ రవి డజంట్ కమ్". డజ్‌తోనే ఆ పని అయిపోయింది కాబట్టి మళ్ళీ "కమ్స్" అనకూడదు.

ఇక రెండో ముక్క. అసలు ఆలోచించాల్సింది ఇక్కడే. ఎప్పుడూ జరిగేదైతే ఇక్కడా సింపుల్ ప్రెజెంటే. ఈసారి జరగబోయేదైతే విల్. "ఇఫ్ ఐ డ్రింక్ కాఫీ ఎట్ నైట్, ఐ డోంట్ స్లీప్" అంటే రాత్రి కాఫీ తాగితే నాకు నిద్ర పట్టదు, అది నా ఒంటి తీరు. "ఇఫ్ ఐ డ్రింక్ కాఫీ నౌ, ఐ వోంట్ స్లీప్" (వోంట్ అంటే విల్ నాట్) అంటే ఇప్పుడు తాగితే ఈ రాత్రికి నిద్ర ఉండదు. విల్ బదులు క్యాన్, మే, షుడ్ కూడా వస్తాయి, పని పురమాయించినా సరే: "ఇఫ్ యు సీ రవి, టెల్ హిమ్ టు కాల్ మి."

ఈ నియమం నేర్చుకున్నాక కొందరు ఇఫ్ కనిపించిన ప్రతిచోటా విల్ తీసేస్తారు. అదీ పొరపాటే. "ఐ డోంట్ నో ఇఫ్ హి విల్ కమ్" అన్నది శుభ్రంగా ఒప్పు. ఇక్కడ ఉన్నది షరతు కాదు, "వస్తాడో రాడో" అన్న సందేహం. అనుమానం వస్తే వాక్యాన్ని తెలుగులో అనుకోండి: "వస్తే" అని పలికితే విల్ వద్దు, "వస్తాడో రాడో" అని పలికితే విల్ ఉండొచ్చు. బతిమాలే ధోరణిలో "ఇఫ్ యు విల్ వెయిట్ హియర్, ఐ విల్ కాల్ ద డాక్టర్" అనడం కూడా ఉంది. ఆ విల్ కాలాన్ని కాదు, ఎదుటివారి సమ్మతిని చెబుతుంది.

మనం "నాన్న వస్తే అడుగుతా" అన్నప్పుడు నాన్న తప్పకుండా వస్తారని తెలిసే అంటాం చాలాసార్లు. అప్పుడు ఇఫ్ కాదు, వెన్ వాడాలి. క్రియ మాత్రం వర్తమానంలోనే: "వెన్ డాడ్ కమ్స్ హోమ్, ఐ విల్ ఆస్క్ హిమ్."

అన్‌లెస్‌లో కాదనే అర్థం ముందే ఉంది. "అన్‌లెస్ యు స్టడీ, యు వోంట్ పాస్" అంటే చదవకపోతే పాసవ్వరని. దానికి డోంట్ కూడా తగిలిస్తే, చదివితే పాసవ్వరని అర్థం తిరగబడుతుంది.

ఇఫ్ ముక్క ముందొస్తే దాని చివర కామా పెట్టండి. వెనకొస్తే మామూలుగా అక్కర్లేదు.