అడిగితేనే చెప్పే రోగులు: మాజీ సైనికుల దగ్గర నర్సింగ్ అసిస్టెంట్ పని

విజయవాడలో గానీ గుంటూరులో గానీ సైన్యం నడిపే పెద్ద ఆసుపత్రి లేదు. అటువంటి ఆసుపత్రి కావాలంటే ఇక్కడి వారు సికింద్రాబాద్‌లోని మిలిటరీ ఆసుపత్రికో, విశాఖపట్నంలో నౌకాదళం నడిపే ఐ.ఎన్.హెచ్.ఎస్. కల్యాణికో వెళ్లాలి. అందువల్ల ఈ రెండు నగరాల్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ స్థిరపడిన మాజీ సైనికులకు, వారి భార్యలకు, సైనికుల వితంతువులకు వైద్యం ముఖ్యంగా రెండు చోట్ల అందుతుంది. ఒకటి, 2003 ఏప్రిల్‌లో మొదలైన ఇ.సి.హెచ్.ఎస్. అనే మాజీ సైనికుల వైద్య పథకం కింద నడిచే పాలీక్లినిక్. రెండవది, ఆ పాలీక్లినిక్ రిఫరల్ రాసి పంపే గుర్తింపు పొందిన ప్రైవేటు ఆసుపత్రి. ఈ రెండు చోట్లలో ఎక్కడైనా నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరబోయేవారి కోసం ఈ వివరాలు రాస్తున్నాను.

పాలీక్లినిక్‌లో ఈ ఉద్యోగం కాంట్రాక్టు పద్ధతిలో ఉంటుంది. సాధారణంగా జి.ఎన్.ఎం. (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ) డిప్లొమా గానీ, సైన్యంలో చేసిన క్లాస్-1 నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు గానీ, దానితోపాటు కొన్నేళ్ల అనుభవం కూడా అడుగుతారు. మాజీ సైనికులకు ప్రాధాన్యం ఇస్తారు. ఖాళీల సమాచారం కోసం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోనూ పాలీక్లినిక్ నోటీసు బోర్డులోనూ తరచూ విచారిస్తూ ఉండాలి. ప్రైవేటు ఆసుపత్రి వార్డులో మాత్రం జనరల్ డ్యూటీ అసిస్టెంట్ శిక్షణ పొందినవారు, ఎ.ఎన్.ఎం. (సహాయక నర్సు, మిడ్‌వైఫ్ కోర్సు) చదివినవారు కూడా ఇదే పేరుతో పని చేస్తుంటారు. ఈ తేడా చిన్నది కాదు. జి.ఎన్.ఎం. చదివి నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయినవారు డాక్టరు రాసిన ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. జనరల్ డ్యూటీ అసిస్టెంట్ మాత్రం ఎవరు ఎంత బలవంతం చేసినా ఇంజెక్షన్ ఇవ్వకూడదు, సెలైన్ వేగం మార్చకూడదు, మందు మోతాదు గురించి సలహా చెప్పకూడదు. తన హద్దు ఏదో చేరిన మొదటి రోజే ఇన్‌ఛార్జి సిస్టర్‌ను అడిగి స్పష్టంగా తెలుసుకోవడం మంచిది.

ఈ రోగుల గురించి మొదట గ్రహించవలసిన సంగతి ఒకటుంది: వారు బాధను తమంతట తాము చెప్పరు. దీనికి మొండితనం కారణం కాదు. సర్వీసులో ఉన్న రోజుల్లో జబ్బు బయటపడితే ఆరోగ్యాన్ని బట్టి సైన్యం ఇచ్చే మెడికల్ కేటగిరీ తగ్గుతుంది, కేటగిరీ తగ్గితే పదోన్నతికీ పోస్టింగుకూ దెబ్బ తగులుతుంది. పదిహేను ఇరవై ఏళ్లు అలా గడిపిన మనిషికి నొప్పిని దాచుకోవడం అలవాటైపోతుంది, ఆ అలవాటు పెన్షన్ తీసుకున్నాక కూడా వదలదు. "నొప్పిగా ఉందా సార్?" అని అడిగితే "ఏమీ లేదమ్మా, ఠీక్ హై" అనే జవాబే వస్తుంది. ఆ మాట విని కేస్ షీట్‌లో నొప్పి లేదని రాస్తే మన పని మనం చేయనట్టే లెక్క.

కాబట్టి అవును, కాదు అని తేల్చేసే ప్రశ్నలు వదిలిపెట్టి, జరిగిన సంగతి అడగాలి. రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, బాత్‌రూమ్‌కు వెళ్లేటప్పుడు గోడ పట్టుకోవలసి వచ్చిందా, ఇంట్లో మెట్లు ఎక్కడం ఎప్పటి నుంచి మానేశారు, నిన్న అన్నం ఎంత మిగిల్చారు అని అడిగితే సమాధానం దానంతట అదే బయటికి వస్తుంది. సున్నా నుంచి పది వరకు అంకెల్లో నొప్పి ఎంతో చెప్పమంటే, లెక్కగా అడిగారు గనుక వీరిలో చాలామంది నిజమే చెబుతారు. పడుకుని ఉన్నప్పుడు నొప్పి తెలియకపోవచ్చు, అందుకని పక్కకు తిప్పేటప్పుడు, లేపి కూర్చోబెట్టేటప్పుడు ముఖం చూడాలి. పళ్లు బిగించడం, ఊపిరి బిగబట్టడం, మంచం కమ్మీని గట్టిగా పట్టుకోవడం చూస్తే ఆ చూసిన సంగతిని చూసినట్టే రాయాలి. భార్యనూ అడగాలి, అయితే ఆయన ఎదుట కాదు.

పిలుపు విషయంలో జాగ్రత్త అవసరం. ఇ.సి.హెచ్.ఎస్. కార్డు మీదో, సైన్యం ఇచ్చిన డిశ్చార్జి పుస్తకంలోనో హోదా ఉంటుంది. దాన్ని చూసి సుబేదార్ గారూ, హవల్దార్ గారూ అనీ, వైమానిక దళం వారైతే సార్జెంట్ గారూ అనీ పిలిస్తే వారి ముఖంలో కనిపించే మార్పు ఎవరికైనా తెలుస్తుంది. హోదా తెలియనప్పుడు పేరు చివర గారు చేర్చి పిలవవచ్చు. తాతా అనీ, ఏకవచనంలోనూ పిలవడం ఎంత ప్రేమతో చేసినా తగదు. సిపాయిగా రిటైరైనా సుబేదార్ మేజర్‌గా రిటైరైనా వరుసలో ముందు ఎవరు వస్తే వారికే ముందు చూడాలి. హోదాను మన్నించడం పిలుపు వరకే పరిమితం కావాలి.

చెవి సంగతి చాలామంది మరచిపోతారు. ఫిరంగి దళంలో, ట్యాంకుల మీద, విమానాల ఇంజన్ల దగ్గర పనిచేసినవారికి వినికిడి తగ్గడం మామూలే. ముఖ్యంగా సన్నని గొంతు వారికి అందదు. అరిచి చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. ఎదురుగా నిలబడి, మాస్కు తీయడానికి వీలున్నచోట తీసి, గొంతు కొంచెం దించి, నిదానంగా చెప్పి, విన్నది తిరిగి చెప్పమని అడగాలి. తల ఊపినంత మాత్రాన విన్నట్టు కాదు.

పాలీక్లినిక్‌లో ఉదయం

పొద్దున్నే పల్లెల నుంచి బస్సు పట్టుకుని వచ్చి, మెట్లెక్కి, వరుసలో నిలబడిన పెద్దాయనకు వెంటనే బీపీ చూస్తే ఎక్కువగానే వస్తుంది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా, కాలు మీద కాలు లేకుండా, చేయి గుండె ఎత్తున ఉండేలా చూసి, చొక్కా చేతి మీద కాకుండా ఒంటి మీదే కఫ్ కట్టాలి. మూత్రం ఆపుకుని ఉన్నా, అరగంట లోపల కాఫీ తాగినా, సిగరెట్ కాల్చినా అంకె మారుతుంది. మొదటిసారి వచ్చినవారికి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతినే తరువాత కూడా వాడాలి. తల తిరుగుతోందన్నా, ఈ మధ్య పడిపోయారని తెలిసినా, పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల లోపల మరోసారి చూడాలి. నిలబడ్డాక పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ, అంతకంటే ఎక్కువ గానీ తగ్గితే డాక్టరుకు వెంటనే చెప్పాలి. బీపీ మందులు, ప్రోస్టేట్ మందులు కలిపి వాడే వయసు వారిలో ఇది తరచూ కనిపిస్తుంది. వారు పడిపోవడానికి చాలాసార్లు కారణమూ ఇదే.

రక్త పరీక్ష కోసం పరగడుపున వచ్చినవారు బీపీ మాత్ర వేసుకోకుండా వచ్చి ఉండవచ్చు. అంతకంటే ప్రమాదం, ఏమీ తినకుండా షుగర్ మాత్రో ఇన్సులినో తీసుకుని రావడం. చెమట, వణుకు, మాట తడబాటు, అకారణంగా కోపం కనిపిస్తే గ్లూకోమీటర్‌తో చూడాలి. షుగర్ 70 కంటే తక్కువ ఉండి మనిషి స్పృహలో ఉంటే మూడు టీ చెంచాల గ్లూకోజు గానీ పంచదార గానీ నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. డాక్టరును పిలవాలి.

షుగర్ ఉన్న మాజీ సైనికుల పాదాలను చెప్పులు, మేజోళ్లు విప్పించి చూడడం ప్రతిసారీ చేయవలసిన పని. సియాచిన్ వంటి మంచు ప్రాంతాల్లో పనిచేసి కాలి వేళ్లకు మంచు దెబ్బ తిన్నవారు ఉంటారు, ఏళ్ల తరబడి బూట్లలో నలిగి ఆనెలు కట్టినవారు ఉంటారు. స్పర్శ తగ్గిన పాదానికి గాయమైనా తెలియదు. వేళ్ల సందులు, మడమ, అరికాలు వెలుతురులో చూసి, ఎరుపు, పగులు, తడి, వాసన ఏది కనిపించినా రాయాలి. కాళ్లు చూపించడానికి వీరు మొహమాటపడతారు, మనం ముందే స్టూలు వేసి వంగి కూర్చుంటే వద్దనలేరు.

మే నెలలో విజయవాడ ఎండ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మూత్రం ఎక్కువ పోయే బీపీ మాత్రలు వాడే వృద్ధులకు ఆ నెలల్లో ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది. వచ్చినవారిని ముందు నీడలో, ఫ్యాను కింద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వడం కూడా చికిత్సలో భాగమే. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల నీళ్లు తగ్గించమన్నవారి సంగతి మాత్రం డాక్టరును అడిగి చూసుకోవాలి.

వార్డులో

రిఫరల్ మీద వచ్చి చేరిన రోగి దగ్గర కార్డు, రిఫరల్ కాగితం, వాడుతున్న మందుల జాబితా మూడూ ఉన్నాయో లేదో మొదటి గంటలోనే చూసుకోవాలి. కాగితం లేకపోతే కుటుంబం తర్వాత బిల్లుల దగ్గర అనవసరంగా అవస్థ పడుతుంది.

చేరినప్పుడు అడగవలసిన ప్రశ్నల్లో మద్యం గురించిన ప్రశ్న ముఖ్యమైనది, అందరూ దాటవేసేదీ అదే. సైనిక క్యాంటీన్‌లో మద్యం దొరికే సౌకర్యం మాజీ సైనికులకు ఉంటుంది, రోజూ రాత్రి కొద్దిగా తీసుకునే అలవాటు కొందరికి ముప్పై నలభై ఏళ్లుగా ఉండవచ్చు. ఆసుపత్రిలో చేరగానే అది ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆగిన ఆరు గంటల నుంచి ఒక రోజు లోపల చేతుల వణుకు, చెమట, ఆందోళన మొదలవుతాయి. రెండు రోజుల లోపల మూర్ఛ రావచ్చు. రెండవ రోజు నుంచి నాలుగవ రోజు మధ్య మనిషి పూర్తిగా తికమకపడి, లేనివి చూసి, సెలైన్ పీకివేసి లేచిపోవచ్చు. ఇది ప్రాణాపాయం, ముందే తెలిస్తే డాక్టరు మందులతో ఆపగలరు. అందుకే తప్పు పట్టే ధ్వని లేకుండా, పిల్లలు పక్కన లేనప్పుడు, "రాత్రి భోజనానికి ముందు ఏమైనా తీసుకునే అలవాటుందా సార్, చివరిసారి ఎప్పుడు?" అని అడిగి, వచ్చిన జవాబు డ్యూటీ డాక్టరుకు చెప్పాలి.

హఠాత్తుగా వచ్చే తికమకకు మద్యం ఒక్కటే కారణం కాదు. వయసు మీరినవారిలో మూత్రంలో ఇన్ఫెక్షన్, నిమ్ము వంటివి జ్వరం లేకుండానే మతి తప్పడంగా బయటపడవచ్చు. నిన్నటి వరకు చక్కగా మాట్లాడిన మనిషి ఈ రోజు హిందీలో ఆజ్ఞలు ఇస్తున్నా, ఉలుకూ పలుకూ లేకుండా మగతగా పడి ఉన్నా, ముసలితనమని సరిపెట్టుకోకుండా అప్పటికప్పుడు చెప్పాలి. మగతగా ఉన్నవారు ఎవరినీ ఇబ్బంది పెట్టరు గనుక వారినే ఎక్కువగా వదిలేస్తుంటారు.

1971 యుద్ధంలో ఉన్నవారు ఇప్పుడు డెబ్బై దాటారు. శ్రీలంకలో 1987 నుంచి 1990 వరకు భారత శాంతి దళంలో పనిచేసినవారు, 1999 కార్గిల్ వారు వారికంటే చిన్నవారు. వీరిలో కొందరికి నిద్ర ప్రశాంతంగా ఉండదు. నిద్రలో ఉన్న రోగిని భుజం తట్టి లేపకూడదు. మంచం కాళ్ల వైపు నిలబడి పేరుతో పిలిచి, కళ్లు తెరిచి మనల్ని గుర్తుపట్టాక దగ్గరికి వెళ్లాలి. వెనుక నుంచి వెళ్లడం, ట్రేలు ధన్‌మని పెట్టడం మానాలి. దీపావళి రాత్రి టపాకాయల సంగతి ముందే చెప్పి, కిటికీలు మూసి, ఒక దీపం వెలిగించి ఉంచాలి. యుద్ధం గురించి కుతూహలంతో అడగకూడదు, ఆయనే చెబితే పని ఆపి వినాలి. బతకాలని లేదన్న మాట నోట వస్తే తేలికగా తీసుకోకుండా, ఆయనను ఒంటరిగా వదలకుండా సిస్టర్‌కు కబురు చేయాలి. ఇంటికి వెళ్లాక అవసరమైతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలిమానస్ సహాయ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చని కుటుంబానికి చెప్పాలి.

కాలు తీసివేసినవారి విషయంలో, మోకాలి కింద తీసినప్పుడు సుఖంగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టకూడదు, మోకాలు వంగిపోయి తరువాత కృత్రిమ కాలు పట్టదు. మిగిలిన భాగాన్ని రోజూ మెత్తని సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, వెనుక వైపు కూడా చూడాలి. లేని పాదం నొప్పి పెడుతోందని ఆయన అంటే అది నిజమైన నొప్పి. మిగతా నొప్పుల్లాగే అంకె వేసి రాయాలి.

మంచం పట్టినవారిని కనీసం రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, ఈడ్చకుండా దుప్పటితో ఎత్తి జరపాలి. నడుం కింది ఎముక, మడమలు, తుంటి దగ్గర చర్మం ఎర్రబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. అక్కడ మర్దన చేయకూడదు. యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలను తాకకూడదు. తినిపించేటప్పుడు బాగా లేపి కూర్చోబెట్టాలి, తిన్న తరువాత కూడా అరగంట అలాగే ఉంచాలి.

రోగులలో సైనికుల భార్యలు, వితంతువులు చాలామంది ఉంటారు. ఒళ్లు తుడిచేటప్పుడు, బెడ్‌ప్యాన్ పెట్టేటప్పుడు తెర వేయడం, మహిళా సిబ్బందే చేయడం తప్పనిసరి. భర్త ఏ దళంలో ఎక్కడ పనిచేశారో ఆవిడకు బాగా తెలుసు, ఆయన పేరుతో గౌరవంగా మాట కలిపితే మిగతా సంగతులూ చెబుతారు.

మన రక్షణ కూడా చూసుకోవాలి. హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు పూర్తి చేసుకోవాలి. ఆసుపత్రి వ్యర్థాల గురించిన 2016 నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది, డ్రెస్సింగ్ పసుపు సంచిలో, గొట్టాలు, గ్లోవ్స్, సూది తీసిన సిరంజిలు ఎరుపులో, సూదులు తెల్లని గట్టి డబ్బాలో, గాజు నీలంలో వేయాలి. సూది గుచ్చుకుంటే పిండకుండా సబ్బు నీళ్లతో కడిగి వెంటనే చెప్పాలి. హెచ్.ఐ.వి. నివారణ మందు అవసరమైతే 72 గంటల లోపల మొదలు కావాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది.

డ్యూటీ దిగేముందు తరువాత వచ్చేవారికి మంచం పక్కనే నిలబడి అప్పగింత చెప్పాలి. "బాగానే ఉన్నారు" అన్న మాట అప్పగింత కాదు. ఉదయం నొప్పి మూడు అన్నారు, తిప్పేటప్పుడు ఏడు అన్నారు, మధ్యాహ్నం సగం అన్నమే తిన్నారు, రెండు గంటలకు ఎడమ మడమ మీద ఎరుపు చూసి సిస్టర్‌కు చెప్పాను, మద్యం చివరిసారి మొన్న రాత్రి తీసుకున్నారు గనుక ఈ రాత్రి వణుకు, మూర్ఛ, తికమక కోసం చూడాలి అని చెప్పి, అదంతా కేస్ షీట్‌లో సమయంతో సహా రాసి సంతకం పెట్టిన తరువాతే వార్డు వదలాలి.