ఒక్కపొద్దుతో కొండెక్కే షుగర్ వాళ్లు కీటోన్లు ఎలా చూసుకోవాలి

పెరటాసి (సెప్టెంబర్-అక్టోబర్‌లో వచ్చే తమిళ నెల) శనివారం వచ్చిందంటే మా తిరుపతిలో చాలా ఇళ్లలో ఒక్కపొద్దే. షుగర్ ఉన్నవాళ్లు కూడా రాత్రి నుంచి ఏమీ తినకుండా అలిపిరిలో 3,550 మెట్లకు బయల్దేరతారు, ఇంటికొచ్చాక మూత్రంలో కీటోన్ స్ట్రిప్ ముంచి, రంగు మారిందని టెన్షన్ పడతారు. కాస్త రంగు మారితే అందరూ భయపడక్కర్లేదు. ఎవరు భయపడాలో మాత్రం తెలియాలి.

కడుపు ఖాళీగా ఉంటే ఇన్సులిన్ తగ్గి, దానికి ఎదురు పనిచేసే గ్లూకగాన్ అనే హార్మోన్ పెరుగుతుంది, కొవ్వు కరుగుతుంది, కాలేయం దాన్ని కీటోన్లుగా మారుస్తుంది. ఆ కీటోన్లు పెరిగాక మళ్లీ క్లోమం మీదే పనిచేస్తాయి: రక్తంలో గ్లూకోజ్ తోడుంటే అందులో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల చేత ఇంకాస్త ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. 1964లో కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో ఇది బాగా కనిపించింది, మనుషుల్లో ప్రభావం చిన్నదే. కానీ కొవ్వు కరగడాన్ని ఆపడానికి కొంచెం ఇన్సులిన్ చాలు కాబట్టి, క్లోమం బాగున్నవాళ్లకు కీటోన్లు హద్దు దాటవు. టైప్ 1 వాళ్లకు ఇన్సులిన్ ఇచ్చే బీటా కణాలే దాదాపు ఉండవు, ఇక బ్రేక్ ఎక్కడిది?

అందుకే ఇన్సులిన్ వేసుకునేవాళ్లు "తినలేదు కదా" అని సూది పూర్తిగా మానేయొద్దు, ఎంత తగ్గించాలో వారం ముందే డాక్టర్‌ను అడగండి. మాత్ర పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉంటే మరీ జాగ్రత్త, షుగర్ 200 లోపే ఉన్నా కీటోన్లు ప్రమాదకరంగా పెరగొచ్చు. మా పక్కింటి పెద్దాయన మీటర్‌లో 170 చూసి నిశ్చింతగా ఉండబోయారు, నేనే ఆపాను.

మూత్రం స్ట్రిప్‌ను డబ్బా మీద రాసిన సెకన్లకే చూడాలి, ఆలస్యమైతే రంగు ముదురుతుంది. పైగా అది అసిటోఅసిటేట్ అనే ఒక రకం కీటోన్‌నే పట్టుకుంటుంది. ఎక్కువగా ఉండే ఇంకో రకం, బీటా హైడ్రాక్సీబ్యూటిరేట్ కోసం వేలి రక్తంతో చూసే కీటోన్ మీటర్ కావాలి, వీలైతే అదే కొనండి. ఆ మీటర్‌లో 0.6 (mmol/L) లోపు మామూలే. షుగర్ ఉన్నవాళ్లకు 1.5 దాటితే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. 3 దాటినా, వాంతులు అవుతున్నా, ఊపిరి లోతుగా వేగంగా వస్తున్నా ఆటో ఎక్కి నేరుగా ఎమర్జెన్సీకి పోవాలి. ఇంకో మాట, షుగర్ 70 కన్నా కిందికి పడిపోతే ఒక్కపొద్దు పక్కన పెట్టి మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకొని తాగేయండి.