ఐరోపాలో వేరే ప్రాంతపు పరిశోధన క్లస్టర్‌తో చేతులు కలపడం ఎలా?

చేనేత క్లస్టర్ అన్న మాట మనకు కొత్త కాదు. పోచంపల్లిలో రంగులద్దేవాళ్లు, ఆసు పోసేవాళ్లు, మగ్గం నేసేవాళ్లు, సరుకు కొనే షావుకార్లు అందరూ నాలుగు వీధుల్లోనే ఉంటారు. ఒకరికి కావాల్సింది పక్కవాళ్ల దగ్గర దొరుకుతుంది. ఐరోపాలో పరిశోధన క్లస్టర్ అంటే కూడా ఇలాంటి ఇరుగుపొరుగే. ఒక యూనివర్సిటీ, ఒకటి రెండు పరిశోధన సంస్థలు, వాటి చుట్టూ చిన్నా పెద్దా కంపెనీలు, వెనకాల ఆ ప్రాంతపు ప్రభుత్వం. వీళ్లందరినీ ఒక చోట కూర్చోబెట్టడానికి ఒక చిన్న ఆఫీసు, అందులో నలుగురైదుగురు మనుషులు.

ఇలాంటి రెండు ఇరుగుపొరుగుల్ని, అవీ వేర్వేరు దేశాల్లో ఉన్నవాటిని, కలిపి పని చేయించడం ఎలా అన్నదే ఈ వ్యాసం. డ్రెస్డెన్‌లోనో ఐండ్‌హోవెన్‌లోనో ల్యాబుల్లో, క్లస్టర్ ఆఫీసుల్లో పని చేస్తున్న మనవాళ్లకు, అక్కడ చిన్న కంపెనీ పెట్టుకున్నవాళ్లకు, హైదరాబాద్ నుంచి ఐరోపా భాగస్వామిని వెతుకుతున్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

చాలామంది ముందు గ్రాంట్ ప్రకటన చూస్తారు. గడువు ఆరు వారాలే ఉందని టెన్షన్ పడి, దొరికినవాళ్లను భాగస్వాములుగా చేర్చుకుంటారు. అలా పుట్టిన కూటమి డబ్బు రాకపోతే ఆ రోజే విడిపోతుంది, వస్తే మూడేళ్లు ఈడ్చుకుంటూ సాగుతుంది. వరుస తిరగేయాలి. మనకు ఏం లేదో ముందు చూసుకోవాలి, అది ఎవరి దగ్గర ఉందో తర్వాత వెతకాలి. డబ్బు మాట ఆ తర్వాతే.

1. మీ ప్రాంతంలో ఏముందో, ఏం లేదో ఒక పేజీలో రాయండి

ఇందుకు మంచి నమూనా చిప్‌ల రంగంలో ఉంది. 2012లో నాలుగు క్లస్టర్లు ‘సిలికాన్ యూరప్’ పేరుతో జట్టు కట్టాయి. జర్మనీలో డ్రెస్డెన్ కేంద్రంగా ఉన్న సిలికాన్ శాక్సనీ, ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌కు చెందిన మినాలాజిక్, బెల్జియంలో లూవెన్ వైపున్న డీఎస్‌పీ వ్యాలీ, నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ ప్రాంతపు క్లస్టర్. తక్కువ కరెంటుతో నడిచే ఎలక్ట్రానిక్స్ వాళ్లు పెట్టుకున్న లక్ష్యం. దానికి డబ్బు ఐరోపా సంఘం ఏడో పరిశోధన కార్యక్రమంలోని ‘రీజియన్స్ ఆఫ్ నాలెడ్జ్’ అనే పథకం నుంచి వచ్చింది. 2007 నుంచి 2013 దాకా నడిచిన ఆ పథకం ఉద్దేశమే ప్రాంతాల పరిశోధన క్లస్టర్లను కలపడం.

ఆ నలుగురిలో ఎవరి దగ్గర ఏముందో చూడండి. డ్రెస్డెన్‌లో చిప్‌లు తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీలు ఉన్నాయి. గ్రెనోబుల్‌లో 1967 నుంచి లెటీ పరిశోధన సంస్థ ఉంది. లూవెన్‌లో 1984లో మొదలైన ఐమెక్ అనే పరిశోధన సంస్థ ఉంది. ఐండ్‌హోవెన్ పక్కనే వెల్డ్‌హోవెన్‌లో చిప్‌లు అచ్చువేసే యంత్రాలు చేసే ఏఎస్‌ఎంఎల్ ఉంది. పరిశోధన, యంత్రం, ఫ్యాక్టరీ మూడూ ఒకే ఊళ్లో పూర్తిస్థాయిలో ఎవరికీ లేవు. అందుకే కలిశారు.

ఈ అవసరం కాగితం మీద ఊహించుకున్నది కాదు. ఎఫ్‌డీ-ఎస్‌ఓఐ అనే చిప్ పద్ధతి తీసుకోండి. దానిమీద లెటీ ఏళ్ల తరబడి పరిశోధన చేసింది. దానికి కావాల్సిన ప్రత్యేకమైన సిలికాన్ వేఫర్లను (చిప్‌లు తయారయ్యే పల్చటి బిళ్లలను) గ్రెనోబుల్ దగ్గర బెర్నాఁలో సోయిటెక్ అనే కంపెనీ చేస్తుంది. 2015లో గ్లోబల్‌ఫౌండ్రీస్ అనే చిప్‌ల తయారీ కంపెనీ ఆ పద్ధతిలో 22 నానోమీటర్ల చిప్‌లను డ్రెస్డెన్ ఫ్యాక్టరీ నుంచి ఇస్తామని ప్రకటించింది. ఇది సిలికాన్ యూరప్ కూటమి వల్లే జరిగిందని నేను అనను. కానీ ఆల్ప్స్ కొండల పక్క పుట్టిన పద్ధతి ఎల్బే నది ఒడ్డున సరుకైంది. ఒక ప్రాంతం లోటును మరో ప్రాంతం తీర్చడం అంటే ఇదే.

మీ పేజీ రాయడానికి కొంత పని ఇప్పటికే ఎవరో చేసి పెట్టారు. 2014 నుంచి, ఐరోపా ప్రాంతీయ అభివృద్ధి నిధిలో పరిశోధన, ఆవిష్కరణల డబ్బు కావాలంటే ‘స్మార్ట్ స్పెషలైజేషన్’ వ్యూహపత్రం ఉండాలన్న షరతు వచ్చింది. మా ప్రాంతం వీటిలో గట్టిది, వీటిమీదే ఖర్చు పెడతాం అని అందులో రాసి ఉంటుంది. మీ ప్రాంతపు పత్రం చదవండి. మీరు కలవాలనుకునే ప్రాంతానిదీ చదవండి. ఆ రెండో పత్రం చదివి వెళ్లినవాళ్లను అవతలివాళ్లు మొదటి సమావేశంలోనే గుర్తుపెట్టుకుంటారు.

బలాలు రాయడం తేలిక. లోటు రాయడానికే మొహమాటం అడ్డొస్తుంది. ‘మా దగ్గర డిజైన్ ఇంజినీర్లు ఉన్నారు, నమూనా చిప్‌ను పరీక్షించే యంత్రం లేదు’ అన్నంత స్పష్టంగా రాయండి. భాగస్వామి దొరికేది ఆ వాక్యంతోనే.

2. మీ ఊరి క్లస్టర్ ఆఫీసు తలుపు తట్టండి

నేరుగా విదేశంలో ఎవరికో మెయిల్ పెట్టే ముందు మీ క్లస్టర్ మేనేజర్‌ను కలవండి. ఈ ఉద్యోగానికి రావాల్సిన గౌరవం రావడం లేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఏ ల్యాబులో ఏ యంత్రం ఖాళీగా ఉంది, ఏ కంపెనీ యజమాని మాట మీద నిలబడతాడు, పక్క దేశంలో ఎవరికి ఫోన్ చేస్తే పని జరుగుతుంది, ఇవన్నీ తెలిసిన మనిషి ఆయనో ఆవిడో. సిలికాన్ శాక్సనీ 2000 నుంచి ఉంది. అన్నేళ్లుగా పోగైన పరిచయాలు ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకవు.

ఆ తర్వాత రెండు చోట్ల వెతకండి. యూరోపియన్ క్లస్టర్ కొలాబరేషన్ ప్లాట్‌ఫామ్ అనే వెబ్‌సైట్‌లో క్లస్టర్ల వివరాలు దేశాల వారీగా, రంగాల వారీగా ఉంటాయి, పరిచయ సమావేశాల ప్రకటనలూ అక్కడే వస్తాయి. 2008లో మొదలైన ఎంటర్‌ప్రైజ్ యూరప్ నెట్‌వర్క్ చిన్న కంపెనీల కోసం. ‘మాకు ఇలాంటి భాగస్వామి కావాలి’ అని వాళ్ల ద్వారా ప్రకటన పెట్టించవచ్చు.

3. మొదటి ఉత్తరం చిన్నగా రాయండి

నలభై స్లైడ్లు పంపితే ఎవరూ తెరవరు. నాలుగు సంగతులు చాలు: మా దగ్గర ఉన్నది, మా దగ్గర లేనిది, మిమ్మల్నే అడగడానికి కారణం, అరగంట మాట్లాడటానికి వీలయ్యే రెండు తేదీలు. ఆగస్టులో పంపకండి, ఫ్రాన్స్, ఇటలీల్లో సగం ఆఫీసులు సెలవుల్లో ఉంటాయి.

4. వెళ్లి చూసి రండి

వీడియో కాల్‌లో అందరి ల్యాబులూ ఒకేలా కనిపిస్తాయి. క్లీన్‌రూమ్ (దుమ్ము చేరనివ్వని ల్యాబ్ గది) అద్దం వెనక నిలబడి చూస్తే, ఏ యంత్రం రోజూ నడుస్తోంది, ఏది అతిథులకు చూపించడానికే ఉంది అన్నది తెలుస్తుంది. కాంటీన్‌లో టెక్నీషియన్ పక్కన కూర్చుని భోంచేయండి. ప్రొఫెసర్ చెప్పనివి ఆయన చెప్తాడు.

ప్రాజెక్టు సమావేశాలు ఇంగ్లిష్‌లోనే నడుస్తాయి. కానీ ప్రాంతీయ ప్రభుత్వ కార్యాలయాల్లో, చిన్న వర్క్‌షాపుల్లో జర్మనో ఫ్రెంచో రావాల్సిందే. అక్కడ ఉంటున్న మనవాళ్లలో ఆ భాష కాస్త పట్టుబడినవాళ్లు రెండు వైపులా వారధి కాగలరు. భాష నేర్చుకునే క్లాసులకు వెళ్లిన సమయం వృథా కాదని నేను గట్టిగా నమ్ముతాను.

5. చిన్న పనితో మొదలుపెట్టండి

ఇక్కడ వాన్‌గార్డ్ ఇనిషియేటివ్ అనే కూటమి పద్ధతి నాకు బాగా నచ్చింది. ఫ్లాండర్స్, లొంబార్డీ, బాస్క్ ప్రాంతం, స్కాట్లాండ్ లాంటి ప్రాంతీయ ప్రభుత్వాలు కలిసి పెట్టుకున్నది ఇది. వాళ్లు నాలుగు మెట్లు పెట్టుకున్నారు: ఒకరి గురించి ఒకరు తెలుసుకోవడం, కలపడం, చేసి చూపించడం, మార్కెట్‌కు తీసుకెళ్లడం. సముద్రం లాంటి కఠినమైన చోట్ల నడిచే విద్యుత్ పరికరాల మీద చేసిన పనికి బాస్క్ ప్రాంతం, స్కాట్లాండ్ ముందు నిలబడ్డాయి. 3డీ ప్రింటింగ్, జీవ ఆర్థిక రంగం మీద కూడా ఇలాంటి జట్లే కట్టారు.

ఇందులో అందరూ తొందరపడి దాటేసేది మొదటి మెట్టునే. ఏ ప్రాంతంలో ఏ పరీక్షా కేంద్రం ఉంది, ఏ యంత్రం ఎంత సామర్థ్యంతో ఉంది అని కూర్చుని పట్టిక వేయడం విసుగు పుట్టించే పని. ఆ పట్టిక ఉంటే ఒకే యంత్రాన్ని మూడు ప్రాంతాలు మూడుసార్లు కొనే ఖర్చు తప్పుతుంది. మీరిద్దరూ కలిసి ముందు ఆ పట్టిక వేయండి. ఆ తర్వాత ఒక్క నమూనాను మీ దగ్గర డిజైన్ చేసి వాళ్ల దగ్గర పరీక్షించండి. పార్సిల్ సమయానికి వచ్చిందా, ఫలితాలు దాచకుండా చెప్పారా, తప్పు జరిగితే ఒప్పుకున్నారా అన్నది ఆ ఒక్క పనిలోనే తేలిపోతుంది.

6. ఇప్పుడు డబ్బు వెతకండి

పని ఏ దశలో ఉందో దాన్నిబట్టి పథకం ఎంచుకోవాలి. ఇంకా పరిశోధన దశలో ఉంటే హొరైజన్ యూరప్. 2021–27కు దాదాపు 9,550 కోట్ల యూరోలతో మొదలైన ఐరోపా సంఘం పరిశోధన కార్యక్రమం అది. మామూలుగా ఐరోపా సంఘం సభ్యదేశాలు, ఆ కార్యక్రమంతో అనుబంధమున్న దేశాల్లో కనీసం మూడు వేర్వేరు దేశాల నుంచి మూడు స్వతంత్ర సంస్థలు ఉండాలి, వాటిలో ఒకటైనా సభ్యదేశానిది కావాలి. పరిశోధన ప్రాజెక్టులకు ఒప్పుకున్న ఖర్చు నూటికి నూరు వస్తుంది. మార్కెట్‌కు దగ్గరైన ఇన్నోవేషన్ ప్రాజెక్టుల్లో లాభాపేక్ష ఉన్న కంపెనీలకు సాధారణంగా 70 శాతమే ఇస్తారు. మిగతా 30 ఎక్కడి నుంచి తేవాలో ముందే లెక్క వేసుకోండి.

నమూనా పని చేస్తోంది, పెట్టుబడి కావాలి అన్న దశలో ప్రాంతాల మధ్య ఆవిష్కరణ పెట్టుబడుల కోసం ‘ఐ3’ అనే పథకం ఉంది. 2021–27కు 57 కోట్ల యూరోలు దీనికి పెట్టారు. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న పొరుగు ప్రాంతాలైతే 1990 నుంచి నడుస్తున్న ఇంటర్‌రెగ్ అనే పథకం చూడండి. చిన్న కంపెనీ ఒక్కటే ఉంటే, 2022లో ఎంపికైన 30 యూరోక్లస్టర్ల లాంటి కూటములు తమ గ్రాంట్‌లోంచి చిన్న కంపెనీలకు చిన్న మొత్తాలు పంచుతాయి. ఆ దరఖాస్తులు చాలా తేలిక. పథకాలు మారుతూ ఉంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున ఉన్న నిబంధనలే చదవండి.

హైదరాబాద్ నుంచి చూస్తున్నవాళ్లకు ఒక మాట. హొరైజన్ యూరప్‌లో భారత సంస్థలు చాలావరకు భాగస్వాములుగా చేరవచ్చు, కానీ చేరినంత మాత్రాన డబ్బు రాదు. గ్రాంట్ ప్రకటనలో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప తమ వంతు ఖర్చు తామే తెచ్చుకోవాలి. ఈ సంగతి చివర్లో తెలిసి కూటమి నుంచి తప్పుకుంటే పరువు పోతుంది. మొదటిసారి మాట్లాడినప్పుడే చెప్పేయండి.

7. ఎవరిది ఎవరికో రాసుకోండి

ఈ మెట్టు మీద నేను ఎక్కువ పట్టుబడతాను. దగ్గరగా చూసిన ఒక ప్రాజెక్టులో ఇద్దరు భాగస్వాములు కలిసి కొలతల సాఫ్ట్‌వేర్ చేశారు. అందులో సగం ఒకరి పాత కోడ్. అది ముందే ఉన్నదని ఎక్కడా రాసుకోలేదు. ప్రాజెక్టు అయిపోయాక కొనేవాడు వచ్చాడు. ఎవరు అమ్మాలన్నది తేలక నెలల తరబడి మెయిళ్లు నడిచాయి, ఈలోగా కొనేవాడు వెళ్లిపోయాడు. ఇద్దరూ మంచివాళ్లే. కాగితం లేకపోవడం వల్ల శత్రువులయ్యారు.

అందుకే భాగస్వాముల మధ్య ఒప్పందంలో వీటిని విడివిడిగా రాయండి: ఎవరు ముందే తెచ్చిన జ్ఞానం ఏది, దాన్ని మిగతావాళ్లు ఎంతవరకు వాడుకోవచ్చు, ప్రాజెక్టులో పుట్టే ఫలితం ఎవరిది, ఇద్దరూ కలిసి చేసినదైతే అమ్మే హక్కు ఎలా, పరిశోధన పేపర్ ప్రచురించాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఒకరు తప్పుకుంటే ఏం చేయాలి. మామూలుగా ఫలితం దాన్ని పుట్టించినవాళ్లదే. అయితే ‘పుట్టించినవాళ్లు’ ఎవరన్న దగ్గరే గొడవ మొదలవుతుంది. డెస్కా అనే నమూనా ఒప్పందం చాలా ప్రాజెక్టులు వాడతాయి. దాన్ని తీసుకుని మీ అవసరానికి మార్చుకోండి. గ్రాంట్ ఒప్పందం మీద సంతకానికి ముందే ఇది పూర్తవ్వాలి.

8. దరఖాస్తు, ఆ తర్వాతి ఎదురుచూపు

ప్రతి సంస్థకూ ముందుగా ఐరోపా నిధుల పోర్టల్‌లో తొమ్మిది అంకెల గుర్తింపు సంఖ్య ఉండాలి. ఇది ఆఖరి వారానికి వదిలేయకండి. హొరైజన్ యూరప్ దరఖాస్తును మూడు విషయాల్లో చూస్తారు: పరిశోధన నాణ్యత, దానివల్ల కలిగే ప్రయోజనం, అమలు చేసే తీరు. ఒక్కోదానికి 5 మార్కులు. మామూలుగా ఒక్కోదాంట్లో కనీసం 3, మొత్తం 15లో కనీసం 10 రావాలి. వచ్చినా డబ్బు ఖాయం కాదు, పై మార్కులవాళ్లకు ఇచ్చాక మిగలాలి. ప్రయోజనం దగ్గరే క్లస్టర్ కూటములు గెలవగలవు. ఫలితాన్ని వాడుకునే కంపెనీలు, నిలబెట్టే ప్రభుత్వం మీ కూటమిలోనే ఉన్నాయి కాబట్టి పేర్లతో సహా రాయండి.

గడువు ముగిశాక ఫలితానికి 5 నెలలు, ఒప్పందానికి మరో 3 నెలలు పట్టవచ్చు. ఎనిమిది నెలలు జీతాలు ఎలా ఇస్తామన్నది చిన్న కంపెనీలకు అసలైన ప్రశ్న. అడ్వాన్స్ వచ్చాక కూడా మిగతా సొమ్ము రిపోర్టులు ఒప్పుకున్నాకే వస్తుంది.

9. ప్రాజెక్టు ముగియకముందే తర్వాతి తేదీ వేసుకోండి

డబ్బు అయిపోయాక ఫోన్లు ఆగిపోవడం చాలా కూటముల్లో జరుగుతుంది. సిలికాన్ యూరప్ మాత్రం మొదటి గ్రాంట్‌తో ఆగలేదు. తర్వాత మరికొన్ని దేశాల క్లస్టర్లు కూడా చేరి పెద్ద కూటమి అయింది. 2023లో, ఐరోపాలో చిప్‌ల తయారీని పెంచడానికి, ఐరోపా చిప్స్ చట్టం వచ్చేసరికి ఈ ప్రాంతాల మధ్య పరిచయం పాతబడి ఉంది. 2024 ఆగస్టులో డ్రెస్డెన్‌లో టీఎస్‌ఎంసీ, బాష్, ఇన్ఫినియన్, ఎన్‌ఎక్స్‌పీ కంపెనీలు కలిసి కొత్త చిప్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశాయి. అలాంటి ఫ్యాక్టరీకి పరికరాలు, మనుషులు, పరీక్షలు అన్నీ డ్రెస్డెన్ ఉన్న ఒక్క శాక్సనీ రాష్ట్రం నుంచే దొరకవు.

మీ కూటమిలో ఆఖరి సమీక్షకు రెండు నెలల ముందు, రెండు క్లస్టర్ల మేనేజర్లు, ఇద్దరు టెక్నీషియన్లు కలుసుకునే రోజు ఒకటి క్యాలెండర్‌లో పెట్టించండి. ప్రయాణ ఖర్చు ఎవరి ఆఫీసు పెట్టుకుంటుందో అప్పుడే రాయించండి. ఆ సమావేశానికి ఐదో మెట్టులో వేసిన యంత్రాల పట్టికను మళ్లీ తీసుకెళ్లండి, ఈ మూడేళ్లలో కొత్తవి వచ్చి ఉంటాయి.