పశ్చిమ ఆఫ్రికా భాషలు నేర్చుకుందాం – పాఠం 4: రాబందును ఏమంటారు?

పోయిన పాఠంలో యోరుబా హెచ్చు, మధ్య, తగ్గు స్వరాలు పలికి చూశాం కదా, వాటి అసలు అవసరం ఇవాళ తెలుస్తుంది. "ఇగుఁ" అనే మాట తీసుకోండి. రెండు అక్షరాలూ మామూలు ఎత్తులో పలికితే "మూల" అని అర్థం. "గుఁ" దగ్గర గొంతు పైకి లేపారా, అది రాబందు! నాలుక అంగిటికి తగలకుండా ముక్కుతోనే పలకాలి, అరసున్న పెట్టింది అందుకే. ఓ పదిసార్లు పైకే అనండి.

యోరుబా వాళ్ళ సామెత ఒకటుంది: రాబందును చంపకూడదు, తినకూడదు, దాన్ని "ఓరీ"కి బలివ్వకూడదు. ఓరీ అంటే తల, తలరాత అంటామే, ఆ తలే. ఇంత గట్టి సామెత ఉండి కూడా నైజీరియా సంతల్లో నాటు మందులకీ, క్షుద్రపూజలకీ రాబందు తలలు అమ్ముతున్నారంటే కడుపు తరుక్కుపోతుంది. ఊళ్ళలో కబేళాల చుట్టూ తిరిగే చిన్న రాబందు ఉందే, సన్నటి ముక్కు, ఈకల్లేని గులాబీ రంగు మొహం, అది 2015 నుంచీ అంతరించిపోయే ప్రమాదం అత్యంత ఎక్కువగా ఉన్న పక్షుల జాబితాలో ఉంది.

ఇగ్బోలో "ఉదెలె". బలి ఇచ్చాక ఉదెలె కనబడలేదంటే ఆత్మల లోకంలో ఏదో జరిగిందనే అర్థం అంటారు వాళ్ళు, అంటే రాబందు రావడమే శుభం.

ఇప్పుడు హౌసా. ఈ వాక్యం బట్టీ పట్టండి, సగం వ్యాకరణం ఇందులోనే ఉంది: "ఉంగులు తా కోమా గిదన్తా నా త్సామియా." రాబందు చింతచెట్టు మీది తన ఇంటికి తిరిగి వెళ్ళింది, అంటే ఎవరో మళ్ళీ పాత చోటుకే, పాత దారికే చేరారని. ఉంగులు స్త్రీలింగం, అందుకే "తా". గిదా అంటే ఇల్లు, చివరి "న్తా" అంటే "ఆమె యొక్క". త్సామియా మన చింతే, అసలు ఆ చెట్టు పుట్టిల్లు ఆఫ్రికానే.

మిగతావి ఊరికే గుర్తుపెట్టుకోండి: ట్వీలో ఒపెటె, ఎవేలో అకగా, వోలోఫ్‌లో తాన్. బంబరాలో దుగా, ఆ పేరుతోనే గొప్ప యోధుల్ని పొగిడే పాట ఉంది.

ఇంటిపని: జకరా అంటే కోడిపుంజు, పురుషలింగం. "తా" బదులు "యా", "న్తా" బదులు "న్సా" వస్తాయి. "పుంజు తన ఇంటికి తిరిగి వెళ్ళింది" అని హౌసాలో రాసుకోండి, పాఠం 5 అక్కడి నుంచే.